మూడుసార్లు దూరమయ్యాడు.. మూడుసార్లు తిరిగొచ్చాడు

రెజ్యూమెలో ఏడాదో రెండేళ్లో ఖాళీ కనిపిస్తే చాలు, ఇంటర్వ్యూ బోర్డు చూపు నేరుగా అక్కడికే వెళ్తుంది. ఈ మధ్యలో ఏం చేశారని అడుగుతారు. పోటీ పరీక్షలకు చదివానని ఒకరు, ఇంట్లో ఇబ్బందులని ఇంకొకరు ఏదో ఒకటి చెప్పి బయటపడతారు. లోపల పీకే భయం మాత్రం వేరే ఉంటుంది. ఎప్పుడో ఆపేసిన పని మళ్ళీ చేతికి వస్తుందా? వచ్చినా, ఆగకుండా పరుగెడుతున్నవాళ్ల పక్కన నిలబడగలమా?

ఈ భయాన్ని జీవితంలో మూడుసార్లు ఎదుర్కొన్న ఒక అమెరికన్ ఆటగాడి కథ ఇది. పేరు విల్లీ మోస్కోనీ. ఆట పూల్. 1941 నుంచి 1957 మధ్య 15 సార్లు ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ అంకె విని పుట్టినప్పటి నుంచీ కర్ర వదలకుండా ఆడి ఉంటాడనుకుంటాం. కానీ ఒకసారి విసుగొచ్చి, ఒకసారి ఒంట్లో బాగోక, ఒకసారి ఆటకే గిరాకీ పోయి దూరమయ్యాడు. తిరిగొచ్చిన ప్రతిసారీ కారణం ఒకటి ఉంది. ఆ కారణాలు వింటే కాస్త ఆశ్చర్యం వేస్తుంది.

బంగాళాదుంపలతో సాధన

మోస్కోనీ 1913 జూన్ 27న ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తండ్రి జోసెఫ్‌కు సొంతంగా పూల్ హాలు ఉండేది. కింద హాలు, పైన ఇల్లు. ఇలాంటి ఇంట్లో పుట్టిన పిల్లాడికి ఆట నేర్పడం ఎంతసేపు అనిపిస్తుంది కదా? తండ్రికి మాత్రం అది ససేమిరా ఇష్టం లేదు. బంధువుల్లో కొందరు నాట్య ప్రదర్శనలతో రంగస్థలం మీద పేరు తెచ్చుకున్నారు. కొడుకును కూడా ఆ దారిలోనే పెట్టాలని ఆయన ఆశ. అందుకే బంతులు, కర్రలు పిల్లాడి చేతికి అందకుండా తాళం వేసి పెట్టేవాడు.

పిల్లాడు ఊరుకోలేదు. వంటింట్లోంచి గుండ్రటి బంగాళాదుంపలు ఏరుకొచ్చి, చీపురు కర్ర పట్టుకుని, రాత్రిపూట ఎవరూ లేనప్పుడు టేబుల్ ఎక్కేవాడు. దుంప తిన్నగా దొర్లదు. ఎటు తిరుగుతుందో ముందే అంచనా వేసుకుని కొట్టాలి. అంత వంకర వస్తువును గుంతలో వేయడం అలవాటైన చేతికి నున్నటి బంతి ఒక లెక్కా అనిపిస్తుంది. అయితే దుంపలే అతణ్ని చాంపియన్‌ని చేశాయని చెప్పుకోవడం మరీ అతిశయోక్తి. దుంపలు పోతున్నాయని ఇంట్లో తెలిసిపోయింది, అంతే.

ఆ తర్వాత జరిగిందే అసలు తమాషా. కొడుకు ఆట చూశాక, బంతులు దాచిన తండ్రే ప్రదర్శనలు ఏర్పాటు చేయడం మొదలుపెట్టాడు. 1919లో ఆరేళ్ల విల్లీని అప్పటి ప్రపంచ చాంపియన్ రాల్ఫ్ గ్రీన్‌లీఫ్‌తో ఆడించారు. చూడటానికి జనం హాలు నిండా వచ్చారు. టేబుల్ అందక పెట్టె మీద నిలబడి ఆడాడు. ఓడిపోయాడు గానీ పరువుగా ఓడాడు. మరుసటి ఏడాది పదేళ్ల రూత్ మెక్‌గిన్నిస్ అనే అమ్మాయితో పోటీ పెట్టారు. బాలికల్లో అప్పటికే ఆమెకు పెద్ద పేరు. ఆ రోజు విల్లీ తప్పు లేకుండా వరసగా 40 బంతులు పాకెట్లలో వేశాడు.

ఇంత పేరొచ్చాక ఏ పిల్లాడైనా ఇంకా ఊపు మీద ఉంటాడనుకుంటాం. ఇతనికి విసుగొచ్చింది. తోటి పిల్లలు వీధిలో బంతాట ఆడుకుంటుంటే తను మాత్రం పెద్దవాళ్ల మధ్య, పొగ నిండిన హాళ్లలో, ప్రదర్శన వస్తువులా నిలబడాలి. ఆట మానేశాడు. ఇంటికింద హాలు ఉన్నా కర్ర ముట్టని రోజులు మొదలయ్యాయి. బాల మేధావులుగా టీవీల్లో మెరిసి, తర్వాత ఆ పాటనో ఆ లెక్కలనో పూర్తిగా వదిలేసిన పిల్లలు మనకూ తెలుసు. అంతవరకు విల్లీ కథ కూడా అలాంటిదే.

75 డాలర్ల కోసం

1929లో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఆ వెంటే మహా మాంద్యం. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, బ్యాంకులు మునిగాయి, కోట్ల మంది రోడ్డున పడ్డారు. మోస్కోనీ అప్పటికి కుర్రాడు. ఇంట్లో అమ్మానాన్నల ఆరోగ్యం బాగోలేదు. సోఫాలకు, కుర్చీలకు మెత్తలు బిగించి గుడ్డ కుట్టే పనిలో చేరి కుటుంబాన్ని లాక్కొస్తున్నాడు. ఆ పని కూడా పోయింది. ఆ రోజుల్లో ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుందన్న ధీమా ఎవరికీ లేదు.

అలాంటి సమయంలో ఊళ్లో ఒక పూల్ హాలులో పోటీ పెట్టారని తెలిసింది. మొదటి బహుమతి 75 డాలర్లు. అప్పటికి అది కొన్ని వారాల కూలి. కర్ర పట్టి ఏళ్లయింది. అయినా పేరిచ్చాడు. గెలిచాడు.

ఆటల జీవిత కథల్లో సాధారణంగా ఇక్కడ ఒక మలుపు వస్తుంది. మర్చిపోయిన ప్రేమ మళ్ళీ చిగురించిందనీ, మనసు మాట విన్నాడనీ రాస్తారు. మోస్కోనీ విషయంలో అలా రాయడానికి వీల్లేదు. పూల్ అంటే ప్రాణమని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. అది తన జీవనోపాధి, తనకు తెలిసిన పని, అందులో డబ్బు ఉంది కాబట్టి చేశాననే చివరిదాకా చెబుతూ వచ్చాడు. వినడానికి ఇది పొడిగా ఉంటుంది. నచ్చిన పనే చేయండి, మిగతావన్నీ వాటంతటవే వస్తాయని వేదికలెక్కి చెప్పేవాళ్లకు ఇతను అస్సలు పనికిరాని ఉదాహరణ. నాకైతే ఇతని బలం అక్కడే కనిపిస్తుంది. ఇష్టం మీదే బండి నడిపేవాడు ఇష్టం తగ్గిన రోజున ఆగిపోతాడు. డ్యూటీకి వచ్చినట్టు వచ్చేవాడికి ఆ బాధ లేదు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఇది సున్నా నుంచి మొదలైన కథ కాదు. చిన్నప్పుడు చేతికి పట్టిన విద్య లోపల ఎక్కడో ఉంది. విరామం దాన్ని తుడిచేయలేదు. ఏది మిగిలింది, ఏది పోయిందన్నది తెలియాలంటే మాత్రం ఎవరో ఒక గట్టివాడి ఎదురుగా నిలబడాల్సిందే. ఆ అవకాశం 1933లో వచ్చింది.

గ్రీన్‌లీఫ్‌తో ఊరూరా

బిలియర్డ్స్ టేబుళ్లు తయారుచేసే బ్రన్స్‌విక్ కంపెనీ తన సరుకు ప్రచారం కోసం ఆటగాళ్లను ఊరూరా తిప్పేది. మోస్కోనీ ఆట చూసి అతణ్నీ తీసుకున్నారు. జత ఎవరో తెలుసా? ఆరేళ్ల వయసులో తనను ఓడించిన గ్రీన్‌లీఫే. అప్పటికీ ఆటలో పెద్ద తల అతనే. దేశమంతా తిరుగుతూ ఇద్దరూ వందకు పైగా ఆటలు ఆడారు. లెక్క చూస్తే గ్రీన్‌లీఫ్‌దే పైచేయి, అదీ కొద్ది తేడాతోనే. 20 ఏళ్ల కుర్రాడికి అదే పెద్ద గెలుపు.

ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగాలి. కోచింగ్ లేదు, సర్టిఫికెట్ లేదు. జీతం తీసుకుంటూ, రోజూ తనకంటే మెరుగైనవాడి చేతిలో ఓడిపోతూ నేర్చుకున్నాడు. గ్రీన్‌లీఫ్ ఒక బంతి కొట్టేటప్పుడు తర్వాతి బంతికి ఎక్కడ నిలబడాలో ముందే ఎలా తేల్చుకుంటాడో పక్కనే కూర్చుని చూశాడు. విరామంలో పోయినదంతా ఆ ప్రయాణంలో తిరిగొచ్చింది, వడ్డీతో సహా.

అయినా ప్రపంచ టైటిల్ వెంటనే రాలేదు. అది చేతికొచ్చింది 1941లో. అంటే ఆ టూర్ తర్వాత ఎనిమిదేళ్లకు. ఈ ఎనిమిదేళ్ల గురించి ఎవరూ పెద్దగా రాయరు. ప్రదర్శనలు, రైలు ప్రయాణాలు, మళ్ళీ ప్రదర్శనలు, మధ్యలో పోటీలు. రాయడానికి అందులో ఏమీ లేదు కూడా.

ఆ తర్వాత ఇక అతనిదే రాజ్యం. మధ్యలో యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశాడు. ఇర్వింగ్ క్రేన్, జిమ్మీ కారస్ లాంటివాళ్లు మధ్యమధ్యలో కిరీటం లాక్కున్నారు. మళ్ళీ తెచ్చుకున్నాడు.

37 సార్లు పేర్చిన బంతులు

మోస్కోనీ ఆడిన ఆటను స్ట్రెయిట్ పూల్ అంటారు. మన దగ్గర పార్లర్లలో ఆడే ఎయిట్ బాల్‌కు, దీనికి తేడా ఉంది. టేబుల్ మీద 15 రంగు బంతులు, ఒక తెల్ల బంతి. ఏ బంతిని ఏ పాకెట్‌లో వేస్తానో ముందే చెప్పి కొట్టాలి. బంతికి ఒక పాయింటు. తప్పు కొట్టేదాకా ఆట నీదే. పెద్ద పోటీల్లో 125 లేదా 150 పాయింట్లు ముందు ఎవరు చేస్తే వారు గెలిచినట్టు.

కిటుకు ఎక్కడంటే, 14 బంతులు అయిపోయాక 15వది టేబుల్ మీదే వదిలేయాలి. ఆ 14నీ మళ్ళీ త్రికోణంలో పేరుస్తారు. ఇప్పుడు మిగిలిన ఆ ఒక్క బంతిని పాకెట్‌లో వేస్తూ, అదే దెబ్బతో తెల్ల బంతి వెళ్లి పేర్చిన గుంపును చెదరగొట్టాలి. లేకపోతే తర్వాత కొట్టడానికి బంతి దొరకదు. క్యారమ్స్ బాగా ఆడేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాయిన్ వేయడం ఒక ఎత్తు, స్ట్రైకర్‌ను తర్వాతి కాయిన్‌కు వీలుగా తెచ్చుకోవడం ఇంకో ఎత్తు. తేడా ఏంటంటే క్యారమ్స్‌లో స్ట్రైకర్‌ను చేత్తో తీసి గీత మీద పెట్టుకుంటాం. పూల్‌లో తెల్ల బంతి ఎక్కడ ఆగితే అక్కడి నుంచే కొట్టాలి. ఈ దెబ్బ కొట్టేటప్పుడే తర్వాతి మూడు దెబ్బలు లెక్కలో ఉండాలి.

ఈ లెక్కలో మోస్కోనీని మించినవాడు లేడు. కష్టమైన దెబ్బలు కొట్టి చప్పట్లు కొట్టించుకోవడం అతని పద్ధతి కాదు. కష్టమైన దెబ్బ అవసరమే రాకుండా తెల్ల బంతిని నడిపేవాడు. చూసేవాళ్లకు అన్నీ సులువైన బంతులే దొరుకుతున్నట్టు అనిపించేది. పైగా చకచకా ఆడేవాడు. సూటు, టై, మెరిసే బూట్లు. పూల్ హాలు అంటే జూదగాళ్ల అడ్డా అన్న పేరున్న రోజుల్లో ఆఫీసుకు వెళ్తున్నట్టు తయారై వచ్చేవాడు.

1954 మార్చిలో ఒహాయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక ప్రదర్శన ఆట ఆడుతున్నాడు. 200 పాయింట్ల ఆట. ఆపకుండా ఆ 200 పూర్తిచేశాడు. తప్పు కొట్టలేదు కాబట్టి ఆడుతూనే ఉండమన్నారు జనం. ఆడాడు. 300 దాటింది, 400 దాటింది. చివరికి ఆగింది 526 దగ్గర. అంటే 14 బంతుల గుంపు 37 సార్లకు పైగా ఖాళీ అయింది. రెండు గంటలకు పైగా ఒక్క తప్పు లేదు. వీడియో లేదు. చూసినవాళ్లు సంతకాలు చేసిన పత్రమే సాక్ష్యం. ఆడిన టేబుల్ పోటీల్లో వాడే తొమ్మిది అడుగులది కాదు, ఎనిమిది అడుగులదని తర్వాత కొందరు మెలిక పెట్టారు. ఆ మాట నిజమే. ఆ మెలిక పెట్టినవాళ్లలో ఎవరూ దశాబ్దాల పాటు ఎనిమిది అడుగుల టేబుల్ మీద కూడా దాన్ని దాటలేదు.

రెండేళ్ల తర్వాత, 1956లో, నార్త్ కరోలినాలోని కిన్‌స్టన్‌లో జిమ్మీ మూర్‌తో పోటీ. ఒక ఆటలో తన వంతు వచ్చాక మొత్తం 150 ఒకే ఊపులో కొట్టేశాడు.

స్ట్రోక్ కొట్టిన దెబ్బ

అదే ఏడాది చివర్లో మోస్కోనీకి స్ట్రోక్ వచ్చింది. అప్పటికి వయసు 43. పూల్ ఆటగాడికి స్ట్రోక్ అంటే ఏమిటో ఊహించండి. వెంట్రుకవాసి తేడా లేకుండా కర్ర కదపాల్సిన చేయి, దూరాన్ని కొలవాల్సిన కన్ను, రెండూ అనుమానంలో పడ్డాయి. 

ఇది మొదటి విరామం లాంటిది కాదు. అప్పుడు తనే వదిలేశాడు, తలుచుకుంటే తిరిగి రావచ్చు. ఇప్పుడు శరీరమే సెలవు తీసుకుంది. మొదటిసారి ఖాళీలో పోగొట్టుకున్నది అలవాటు మాత్రమే. ఈసారి నమ్మకం మీదే దెబ్బపడింది. అయినా టేబుల్ దగ్గరికి వచ్చాడు. చేతిని మళ్ళీ దారికి తెచ్చుకున్నాడు. 1957లోనే పోటీ స్థాయికి చేరుకున్నాడు. అతని టైటిళ్ల జాబితా ముగిసేది ఆ ఏడాదితోనే.

జాబితా అక్కడ ఆగడానికి స్ట్రోక్ ఒక్కటే కారణం కాదు. అప్పటికి ఆటే కుదేలైంది. యుద్ధం ముగిసి ఇంటికొచ్చిన యువకులు పెళ్లిళ్లు చేసుకుని శివార్లలో ఇళ్లు కట్టుకున్నారు. సాయంత్రం కాలక్షేపం టీవీ అయింది. పూల్ హాళ్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కొన్నేళ్లపాటు ప్రపంచ చాంపియన్‌షిప్ అన్నదే జరగలేదు. ప్రపంచంలో ఒక పనిలో నీకంటే బాగా చేసేవాడు లేడు, కానీ ఆ పని ఎవరికీ అక్కర్లేదు. కోర్సు పూర్తిచేసి వచ్చేసరికి మార్కెట్ మారిపోయిన ఇంజినీరింగ్ విద్యార్థికి ఈ బాధ వివరించనక్కర్లేదు.

అప్పుడు సినిమా వచ్చింది. 1961లో విడుదలైన ద హస్లర్. పాల్ న్యూమన్ హీరో. ఆయనకు పూల్ అసలు రాదు. నేర్పే పని మోస్కోనీకి అప్పజెప్పారు. న్యూమన్ ఇంట్లో భోజనాల బల్ల తీయించేసి అక్కడ పూల్ టేబుల్ వేయించుకుని సాధన చేశాడు. సినిమాలో కష్టమైన దెబ్బలు పడేటప్పుడు కనిపించే చేతుల్లో మోస్కోనీవి కూడా ఉన్నాయి. చిన్న పాత్రలో తెర మీద కూడా కనిపిస్తాడు. సినిమా ఆడింది. అమెరికాలో మళ్ళీ పూల్ హాళ్లు తెరుచుకున్నాయి. పోటీల్లో లేని మనిషి ఆటకు ప్రాణం పోశాడు. వృత్తిలో ముందు వరస దొరకనప్పుడు నేర్పే పని, సలహా చెప్పే పని కూడా ఉద్యోగమే అని అతను చిన్నతనంగా భావించలేదు.

64 ఏళ్ల వయసులో

ఆ సినిమాలో మిన్నెసోటా ఫ్యాట్స్ అని ఒక పాత్ర ఉంది. నవలా రచయిత వాల్టర్ టెవిస్ అది కల్పిత పాత్ర అన్నాడు. రుడాల్ఫ్ వాండెరోన్ అనే పందేల ఆటగాడు మాత్రం ఆ పాత్ర నేనే అని ప్రకటించుకున్నాడు. పేరు కూడా అదే పెట్టేసుకున్నాడు. లావుపాటి మనిషి, గలగలా మాట్లాడతాడు, జోకులేస్తాడు. పెద్ద టోర్నమెంట్ ఒక్కటీ గెలవకపోయినా తనంత ఆటగాడు పుట్టలేదనేవాడు. జనానికి నచ్చాడు. టీవీ షోలు, పుస్తకాలు, పేరు అన్నీ వచ్చాయి.

మోస్కోనీకి ఒళ్లు మండింది. 15 టైటిళ్లు గెలిచిన తన పేరు వీధిలో చాలామందికి తెలియదు. ఏమీ గెలవనివాడు ఆటకు ముఖచిత్రమయ్యాడు. ఆఫీసులో పని చేసేవాడు ఒకడు, పేరు కొట్టేసేవాడు ఇంకొకడు అన్నమాట మనం రోజూ వినేదే.

1978 ఫిబ్రవరిలో ఇద్దరినీ న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌లో ఎదురెదురుగా నిలబెట్టారు. ఏబీసీ టీవీ ప్రసారం, హోవార్డ్ కోసెల్ వ్యాఖ్యానం. మోస్కోనీకి 64 ఏళ్లు. ప్రపంచ టైటిల్ గెలిచి 20 ఏళ్లు దాటింది. పైగా ఆడబోయే ఆటల్లో అతనికి పట్టున్న స్ట్రెయిట్ పూల్ లేనే లేదు. నైన్ బాల్, ఎయిట్ బాల్, రొటేషన్ అని మూడు రకాలు పెట్టారు. అవి ఫ్యాట్స్ లాంటి పందేల ఆటగాళ్లకు అలవాటైనవి.

ఫ్యాట్స్ ఆట మధ్యలో కూడా మాట్లాడుతూనే ఉన్నాడు. జనం నవ్వారు. మోస్కోనీ ముఖం చిట్లించుకుని, పెద్దగా నవ్వకుండా, తన పని తను చేసుకుపోయాడు. అయిదు సెట్లు అతనివి, రెండు ఫ్యాట్స్‌వి. ఆ ఏడాది అమెరికా టీవీలో ఎక్కువ మంది చూసిన ఆటల కార్యక్రమాల్లో అదొకటి. సరదాగా చూస్తే ఆ రోజు నిజంగా ఎవరు గెలిచారన్నది కూడా చెప్పలేం. స్కోరు మోస్కోనీది, జనం గుర్తుపెట్టుకున్నది ఫ్యాట్స్ జోకులను. మోస్కోనీ దాన్ని ఎప్పటికీ జీర్ణించుకోలేదు. కానీ ఆ పోటీ వల్లే తర్వాత కొన్నేళ్లపాటు టీవీలో పాత చాంపియన్ల పోటీలు జరిగాయి. క్రేన్, కారస్, మూర్ లాంటి పాత ప్రత్యర్థులంతా, జుట్టు నెరిసిన వయసులో, మళ్ళీ సూట్లు వేసుకుని టేబుల్ దగ్గరికొచ్చారు.

మోస్కోనీ 1993 సెప్టెంబరులో, 80 ఏళ్ల వయసులో, న్యూజెర్సీలో కన్నుమూశాడు. ఆయన ఆత్మకథ వెలువడింది కూడా ఆ ఏడాదే. మరుసటి ఏడాది నుంచి యూరప్, అమెరికా జట్ల మధ్య మోస్కోనీ కప్ పేరుతో ఏటా పోటీ జరుగుతోంది. అందులో ఆడేది నైన్ బాల్. స్ట్రెయిట్ పూల్ ఇప్పుడు టీవీలో దాదాపు కనిపించదు. 526 రికార్డు మాత్రం 65 ఏళ్లు నిలిచింది. 2019లో జాన్ ష్మిట్ అనే అమెరికన్ ఆటగాడు 626 కొట్టి దాన్ని దాటాడు. అదొక్కటే లక్ష్యంగా పెట్టుకుని, కెమెరాలు పెట్టుకుని, రోజుల తరబడి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తే సాధ్యమైంది. మోస్కోనీ ఆ సాయంత్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్లింది 200 పాయింట్ల ప్రదర్శన ఆడి, తన డబ్బులు తను తీసుకుని, పక్క ఊరికి బయల్దేరడానికే.